‘బాగుంది’ అనే ముందు రెండో గుక్క

వంట ఎలా ఉందని అడిగితే మన ఇళ్ళలో వచ్చే జవాబు ఒక్కటే: "బాగుంది." పప్పు బాగుంది, పులుసు బాగుంది, పెళ్ళి భోజనం బాగుంది. ఎదుటివాళ్ళ మనసు నొప్పించని మర్యాదైన మాట అది. కానీ ఆ మాట అనేశాక నాలుక పని మానేస్తుంది. ఏది బాగుంది, ఎందుకు బాగుంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది అన్న ప్రశ్నలు ఇక పుట్టవు. ఆ మాటను రెండు నిమిషాలపాటు నోట్లోనే ఆపడం ఎలాగో ఈ అధ్యాయంలో చెబుతాను. సాధనకు నేను ఎంచుకున్నది చిన్న కప్పుడు ఎస్ప్రెసో.

ఎస్ప్రెసోనే ఎందుకంటే, పోల్చి చూడడానికి అంత వీలైనది నాకు ఇంకొకటి కనిపించలేదు. దోసెకు చట్నీ తోడుంటుంది. బిర్యానీలో ఏ రుచి ఏ దినుసు వల్ల వచ్చిందో విడదీయడం వంట చేసినవాళ్ళకే కష్టం. ఎస్ప్రెసోలో ఉన్నవి రెండే: కాఫీ పొడి, నీళ్ళు. పాలు లేవు, చక్కెర లేదు, లోపం దాచుకునే చోటు లేదు. ఏ షాపుకు వెళ్ళినా అదే పేరు, ఇంచుమించు అంతే కప్పు. మారేవి గింజ, దాన్ని వేయించిన తీరు, పొడి చేసే మర, నీళ్ళు, చేసే చెయ్యి. అందులోనూ సొంతంగా నడుపుకునే చిన్న కేఫ్‌లనే ఎంచుకోమంటాను. పెద్ద కంపెనీల షాపులు ఏ ఊళ్ళో తాగినా ఒకే రుచి రావాలని కష్టపడతాయి. చిన్న కేఫ్‌లో అయితే యజమాని ఇష్టం, పట్టుదల, ఒక్కోసారి తొందరపాటు కూడా కప్పులోనే తెలిసిపోతాయి.

గత డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం మా మేనకోడలిని వెంటబెట్టుకుని అలాంటి రెండు కేఫ్‌లకు వెళ్ళాను. ఒకటి జూబ్లీహిల్స్‌లో, ఇంకొకటి కొండాపూర్‌లో. ఆమెకు ఇరవై ఆరేళ్ళు. గచ్చిబౌలిలో ఉద్యోగం. రోజూ కాఫీ తాగుతుంది గానీ ఎస్ప్రెసో ఎప్పుడూ ఉత్తగా తాగలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాను మొదటి చోట.

"బాగుంది మామయ్యా."

రెండో చోట మళ్ళీ అడిగాను.

"ఇదీ బాగుంది. కొంచెం స్ట్రాంగ్."

"స్ట్రాంగ్ అంటే ఏంటి? చేదా, చిక్కదనమా, వాసనా?"

జవాబు చెప్పకుండా కప్పు మళ్ళీ ఎత్తింది. ఈసారి కళ్ళు మూసుకుని ఒక గుక్క నోట్లోనే ఉంచుకుంది. మింగాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నేరేడు పళ్ళు తిన్నాక నోరు పట్టేసినట్టు ఉంటుంది కదా, అట్లా ఉంది. ఇందాకటి దాంట్లో అది లేదు."

ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వగరు అన్న పేరు ఆమెకు తట్టలేదు, కానీ అసలు వస్తువు దొరికింది. నేరేడు పండు దగ్గరికి ఆమెను ఎవరూ నడిపించలేదు. రెండో గుక్క నడిపించింది.

కప్పులో ఉన్నదేమిటి

ఎస్ప్రెసో పుట్టిల్లు ఇటలీ. తూరిన్ నగరంలో ఆంజెలో మోరియోండో 1884లో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. మిలాన్‌వాడైన లుయీజీ బెజ్జెరా 1901లో ఎవరి కప్పు వాళ్ళకు విడిగా, వేగంగా తీసే యంత్రానికి పేటెంట్ కోరాడు. ఆ యంత్రాల్లో ఒత్తిడంతా ఆవిరిదే. అది చాలేది కాదు, పైగా నీళ్ళు మరీ వేడెక్కి కాఫీ మాడు రుచి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అకిల్లె గాజ్జియా చేత్తో మీట లాగి స్ప్రింగు బలంతో నీళ్ళను నెట్టే యంత్రాలు తెచ్చాడు. కాఫీ పైన బంగారు గోధుమరంగు నురగ నిలవడం అప్పుడే మొదలైంది. దాన్నే క్రెమా అంటారు. 1961లో వచ్చిన ఫాయెమా ఇ61 యంత్రం చేతి బలానికి బదులు ఎలక్ట్రిక్ పంపు పెట్టింది. సుమారు తొమ్మిది బార్ల ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లు, ఇప్పటికీ మామూలు కొలత.

ఇటలీ పాత లెక్క ప్రకారం ఒక కప్పుకు 7 గ్రాముల పొడి, 25 మిల్లీలీటర్ల కాఫీ, సుమారు 25 సెకన్లు. మన నగరాల్లోని కొత్త కేఫ్‌లు ఎక్కువగా డబుల్ తీస్తాయి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. ఇటలీలో గింజను బాగా ముదురుగా వేయించి, చాలాచోట్ల అరబికా రకంతో రోబస్టా రకం కలుపుతారు. ఆ రోబస్టాలో మన దక్షిణాది తోటలది పెద్ద వాటా. మన కాఫీని ఎక్కువగా కొనే దేశాల్లో ఇటలీది ముందు వరస. ఇక్కడి కొత్త కేఫ్‌లేమో లేతగానో మధ్యస్థంగానో వేయించిన ఒకే తోట అరబికాను ఇష్టపడతాయి. కాబట్టి రెండు షాపుల కప్పుల్లో ఒకటి చేదుగా, ఒకటి పుల్లగా ఉందంటే ఒకటి తప్పని కాదు. రెండూ వేరు వేరు రుచుల కోసం చేసినవి కావచ్చు.

ఇక్కడ ఒక్క విషయం తెలుసుకుంటే సగం విద్య వచ్చినట్టే. వేడినీళ్ళు పొడిలోంచి దిగేటప్పుడు రుచులన్నీ ఒకేసారి దిగవు. పులుపు ముందు దిగుతుంది, తీపి దాని వెనక, చేదూ వగరూ ఆఖరున. పొడి గరుకుగా ఉంటే నీళ్ళు దూసుకుపోతాయి. అప్పుడు కాఫీ పల్చగా, పళ్ళు పులిసేలా, ఒక్కోసారి ఉప్పగా వస్తుంది. పొడి మరీ మెత్తగా ఉంటే నీళ్ళు అందులోనే తచ్చాడి ఆఖరి చేదును కూడా లాక్కొస్తాయి. పొయ్యి మీద మరిచిపోయిన టీ వగరెక్కినట్టే ఇదీ. అందుకే ఎస్ప్రెసో తాగేటప్పుడు పులుపు తగిలితే వెంటనే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: దీని వెనక తీపి ఉందా? పండిన కమలాపండులోనూ పులుపు ఉంటుంది, పచ్చి చింతకాయలోనూ ఉంటుంది. మొదటిది గింజ గుణం, రెండోది చాలాసార్లు చేతి లోపం. ఈ తేడా పట్టుకోగలిగితే కాఫీని తప్పుపట్టాలా, కాఫీ తీసిన తీరునా అన్నది మీకే తెలుస్తుంది.

పేర్లు మన వంటింట్లోనే ఉన్నాయి

కేఫ్‌లో అమ్మే గింజల ప్యాకెట్ తిప్పి చూడండి. బ్లూబెర్రీ, బెర్గమాట్, మేపుల్ సిరప్ అని రాసి ఉంటుంది. అమెరికా స్పెషాలిటీ కాఫీ సంఘం 1995లో రుచుల చక్రం ఒకటి తయారుచేసింది. 2016లో వరల్డ్ కాఫీ రీసెర్చ్ అనే సంస్థతో కలిసి దాన్ని తిరగరాసింది. అది ఎంతో శ్రమతో చేసిన పని. కాఫీ కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకే భాషలో మాట్లాడుకోవడానికి ఉపయోగపడింది. అయితే అందులోని చాలా పేర్లు అక్కడి ఇళ్ళలో, అక్కడి అంగళ్ళలో దొరికేవాటివి. బ్లూబెర్రీ ఎప్పుడూ తిననివాళ్ళు కాఫీలో బ్లూబెర్రీ ఉందని తలూపితే, అది తమ నోటిని కాదని ప్యాకెట్‌ను నమ్మడమే. రుచి విషయంలో నేను మానుకోమని గట్టిగా అడిగే అలవాటు అదొక్కటే.

మనకు పేర్ల కరువు లేదు. ఉగాది పచ్చడి తిన్న పిల్లలెవరికైనా ఆరు రుచులు వేళ్ళ మీద లెక్క. అందులోనూ వగరు అన్న మాట మనకు పెద్ద ఆస్తి. ఎస్ప్రెసోలో తరచూ కనిపించే గుణం అదే. అది చేదు కాదు. పచ్చి అరటికాయ, నేరేడు, కరక్కాయ నోటిని బిగబట్టే ఆ పని. చేదూ వగరూ కలగలిపి "చేదుగా ఉంది" అని చెప్పేవాళ్ళు చాలామంది. విడదీసి చెప్పడం అలవాటైతే, రెండు కేఫ్‌ల మధ్య తేడాల్లో మూడో వంతు అక్కడే తేలిపోతుంది.

పులుపుల్లోనూ ఎన్ని రకాలో చూడండి. నిమ్మరసం పులుపు తగిలి వెళ్ళిపోతుంది. చింతపండు పులుపు నెమ్మదిగా వచ్చి కొంచెం తీపితో నిలబడుతుంది. ఉసిరికాయది పులుపూ వగరూ కలిసిన రుచి, తిన్నాక మంచినీళ్ళు కూడా తియ్యగా ఉంటాయి. పులిసిన మజ్జిగ పులుపు వేరే. పండును గుజ్జుతో సహా ఎండబెట్టిన కాఫీల్లో, పులియబెట్టిన కాఫీల్లో అలాంటి పులుపే దొరుకుతుంది. చేదు తీసుకోండి. కాకరకాయ చేదు శుభ్రంగా ఉంటుంది, ఇష్టపడేవాళ్ళు వెతుక్కుని తింటారు. మెంతుల చేదుకు వేపుడు సువాసన తోడుంటుంది. మాడిన తాలింపు చేదు ఒకటుంది, అది ఎవరికీ అక్కర్లేదు. ముదురుగా వేయించిన ఎస్ప్రెసో మెంతుల దగ్గర ఆగిందా, మాడిన తాలింపు దాకా పోయిందా అన్నది మన ఇళ్ళలో పదేళ్ళ పిల్లలు కూడా చెప్పగలరు.

తీపి అంటే ఇక్కడ చక్కెర తీపి కాదు. వేయించాక గింజలో చక్కెర దాదాపుగా మిగలదు. వాసన వల్ల నోటికి తీపి అనిపిస్తుంది. కొత్తబెల్లమా, తాటిబెల్లమా, ఖర్జూరమా, చెరకురసమా? ఏదీ తట్టకపోతే తీపి లేదని రాసుకోండి, అదీ ఒక సమాచారమే. ఇక కమ్మదనం: వేయించిన వేరుశనగ, దోరగా వేగిన నువ్వులు, వెన్న కాచేటప్పటి వాసన. లోపాలకూ పేర్లున్నాయి: ముక్కిన బియ్యం, తడిసిన గోనెసంచి, పాత నూనె, కాలిన రబ్బరు. నోట్లో బరువు ఎంతో చెప్పడానికి చారు, పప్పుచారు, గంజి అన్న మూడు మెట్లు నాకు చాలు.

ఈ మాటలు వెతుక్కునేటప్పుడు ముక్కును మరవకండి. జలుబు చేసిన రోజున ఆవకాయ కూడా ఉప్పూకారంగానే మిగులుతుంది. ఒక చిన్న పరీక్ష చేయండి. ముక్కు గట్టిగా మూసుకుని యాలకు గింజలు నాలుగు నమలండి. కొద్దిపాటి చేదు తప్ప ఏమీ తెలియదు. ముక్కు వదలగానే యాలకులు నోరంతా పరుచుకుంటాయి. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే. కొసన తీపి, వెనక చేదు అంటూ బడి పుస్తకాల్లో వేసిన నాలుక పటం తప్పని శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. నాలుక అంతటా అన్ని రుచులూ తెలుస్తాయి. అందుకే ఎస్ప్రెసోను చిన్న చప్పుడుతో జుర్రుకోండి. మర్యాదకు కొంచెం లోటైనా వాసన ముక్కుకు అందుతుంది.

ఫిల్టర్ కాఫీ తాగి పెరిగిన నాలుకకు మొదట్లో లేత ఎస్ప్రెసో పులుపు వింతగా ఉంటుంది. మన డికాక్షన్ పొడిలో తరచూ చికోరీ కలుస్తుంది. కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నియమం. చికోరీ వేరును వేయించి పొడి చేస్తే చిక్కదనం, ముదురు రంగు, ఒక తియ్యని చేదు వస్తాయి. దానికి పాలూ చక్కెరా కలిశాక కాఫీ పులుపు కనిపించే అవకాశమే ఉండదు. ఆ రుచి తక్కువదని ఎవరైనా అంటే నమ్మకండి. అది వేరే వంటకం. వేరే వంటకంగానే పెట్టుకుని ఇక్కడికి రండి.

రెండు షాపులు, ఒకే పద్ధతి

పోలిక నిలబడాలంటే మీ చేతిలో ఉన్నవన్నీ ఒకేలా ఉంచాలి. రెండు చోట్లా అదే ఆర్డర్: పాలు, చక్కెర లేని ఎస్ప్రెసో. అదే పూట. నాకు ఉదయం పదీ పదకొండు మధ్య అనుకూలం. టిఫిన్ అరిగి ఉంటుంది, ఆకలి ఇంకా మొదలవదు. మిరపకాయ బజ్జీ తిన్నాక, వక్కపొడి నమిలాక వెళ్ళకండి. పళ్ళు తోముకుని కనీసం గంట కావాలి. పేస్టులో నురగ వచ్చే పదార్థం తీపిని అణచి చేదును పెంచుతుంది. అత్తరు, సెంటు ఆ పూటకు వద్దు.

కప్పు రాకముందే మంచినీళ్ళు తాగి నోరు శుభ్రం చేసుకోండి. ఇటలీ కాఫీ బార్లలో చాలాచోట్ల కాఫీతోపాటు చిన్న గ్లాసుడు నీళ్ళు ఇచ్చేది ఇందుకే. కప్పు రాగానే వాసన చూసి చెంచాతో అడుగు దాకా కలపండి. ఎస్ప్రెసో పొరలుగా దిగుతుంది, అడుగున చిక్కగా, పైన పల్చగా ఉంటుంది. పైనున్న క్రెమా చూడ్డానికి అందంగా ఉన్నా విడిగా రుచి చూస్తే చేదు. క్రెమా మందంగా ఉంటే కాఫీ గొప్పదన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అది సరికాదు. కొత్తగా వేయించిన గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు వల్ల, రోబస్టా కలపడం వల్ల కూడా క్రెమా మందంగా వస్తుంది.

మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోకండి. అంత గాఢమైన ద్రవం తగిలాక నోరు ఉలిక్కిపడుతుంది. రెండో గుక్కలో రుచి వెతకండి. మూడో గుక్కకు ఒకటి రెండు నిమిషాలు ఆగండి. మరీ వేడిగా ఉన్నప్పుడు దాగి ఉన్న పులుపూ తీపీ చల్లారాక బయటపడతాయి. కొన్ని కప్పులు చల్లారే కొద్దీ తియ్యనవుతాయి, కొన్ని విరిగిపోతాయి. చల్లారాక కూడా నిలబడిన కప్పును నేను ఎప్పుడూ ఒక మెట్టు పైన ఉంచుతాను.

రుచులు రాసుకునే నోటు పుస్తకంలో నాలుగు సంగతులు చాలు. ముందుగా ఏం తగిలింది, నోట్లో బరువు ఎంత, మింగాక ఏం మిగిలింది, అది ఎంతసేపు ఉంది. మార్కులు వేయకండి. పదికి ఏడు అని రాస్తే ఏడాది తర్వాత ఆ ఏడుకు అర్థం ఉండదు. ఆ ఆదివారం మా మేనకోడలు రాసింది నా దగ్గర ఇంకా ఉంది. మొదటి కేఫ్ గురించి: "బెల్లం పాకం వాసన, పప్పుచారంత చిక్కన, మింగాక వేరుశనగ పొట్టు, రెండో కేఫ్‌కు వెళ్ళేదాకా ఉంది." రెండోదాని గురించి: "కమలాపండు, తర్వాత నేరేడు, చారంత పల్చన, చల్లారాక పులుపు తగ్గి తీపి వచ్చింది." ఆ రెండు వాక్యాలు చదివితే, ఎప్పుడూ ఆ కేఫ్‌ల మొహం చూడనివాళ్ళు కూడా తమకు ఏది కావాలో ఎంచుకోగలరు. ‘బాగుంది’ ఆ పని చేయలేదు.

నెల తర్వాత ఆమె ఇంకో మాట చెప్పింది. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి చేసిన పని చూసి ఇదివరకు "గుడ్ జాబ్" అని పంపించేసేదట. ఇప్పుడు ఏ భాగం తేటగా ఉంది, ఏది రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు అన్నది చెబుతోందట. "ఆ అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చి అడుగుతోంది మామయ్యా" అంది. ఈ పుస్తకంలో ఇలాంటి అధ్యాయానికి చోటు ఎందుకు ఇచ్చానని ఎవరైనా అడిగితే నా జవాబు ఆ అమ్మాయే.

కళ్ళు ముందే తీర్పు చెప్పేస్తాయి

ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం ఒకటి 2001లో ప్రచురితమైంది. వైన్ విద్య చదువుతున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు దాని వాసనను వర్ణించడానికి ఎర్ర వైన్‌కు వాడే మాటలే వాడారు. ఆ విద్యే చదువుకుంటున్నవాళ్ళ ముక్కును కూడా కన్ను పక్కదారి పట్టించిందంటే, గోడ మీద బొమ్మలు, మెత్తని సోఫాలు, మెనూలో ధర మన నాలుకను వదిలిపెడతాయా?

దీనికి మందు మూడు కప్పుల పరీక్ష. కాఫీ రుచి చూసేవాళ్ళ ప్రపంచ పోటీల్లో ఇదే పద్ధతి. మూడేసి కప్పుల వరసలు ఎనిమిది పెడతారు. ప్రతి వరసలో రెండు కప్పులు ఒకటే, మూడోది వేరు. ఎనిమిది నిమిషాల్లో వేరైనవాటిని పట్టుకోవాలి. మనం ఒక్క వరస చేస్తే చాలు. రెండు రకాల గింజలు ఉంచే కేఫ్‌లో రెండు డబుల్స్ అడగండి, ఖాళీ చిన్న కప్పులు మూడు ఇప్పించుకోండి. మొదటి రకాన్ని రెండు కప్పుల్లో సగం సగం పోయించి, రెండో రకంలో సగం మూడో కప్పులో పోయించండి. ఈ పని మీ స్నేహితులు చేయాలి, మీరు అటు తిరిగి కూర్చోవాలి. నేను మొదటిసారి తప్పాను. రెండోసారీ తప్పాను. అప్పటికి రెండేళ్ళుగా కేఫ్‌లు తిరుగుతున్నాను, నా పుస్తకంలో బోలెడు రాసుకున్నాను. ఆ రోజు నుంచి ‘ఈ కేఫ్ కాఫీ గొప్పది’ అన్న వాక్యం రాయడం మానేసి, ‘ఈ కప్పులో ఇది దొరికింది’ అని రాస్తున్నాను. మూడోసారి నుంచి పట్టుకోవడం మొదలైంది.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. నగరంలోని ఒక కేఫ్‌లో సాయంత్రం నాలుగున్నరకు తాగిన ఎస్ప్రెసో మాడు వాసన కొట్టింది. ఇక అక్కడికి వెళ్ళకూడదని రాసుకున్నాను. ఆరు నెలల తర్వాత ఒకరు బలవంతం చేస్తే ఉదయం పదిన్నరకు వెళ్ళాను. అవే గింజలు, అదే యంత్రం. కప్పులో తాటిబెల్లం. గాలిలో తేమ మారినా, మర వేడెక్కినా, గింజల డబ్బా మూత తెరిచి గంటలు గడిచినా పొడి తీరు మారుతుంది. మంచి కేఫ్‌లో రోజుకు రెండు మూడుసార్లు మర సరిచేసుకుంటారు. రద్దీ ఉన్న రోజున అది కుదరకపోవచ్చు. రెండు వేర్వేరు రోజుల్లో తాగకుండా ఏ చిన్న షాపు మీదా తీర్పు చెప్పకండి. అక్కడ ఎవరిదో జీతం, ఎవరిదో అప్పు, ఎవరిదో కల ఉంటుంది.

కాఫీ తీసే మనిషిని అడగండి

యంత్రం వెనక నిలబడ్డ కుర్రాడికి లేదా అమ్మాయికి తెలిసినంత మెనూకు తెలియదు. రద్దీ లేనప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి: గింజలు ఏ ఊరివి, ఎప్పుడు వేయించారు, ఎన్ని గ్రాములకు ఎన్ని గ్రాములు తీశారు, నీళ్ళు ఏవి వాడతారు. నిన్ననే వేయించామని గర్వంగా చెబితే ఆ కప్పులో దూకుడు ఎక్కువ ఉంటుంది. ఎస్ప్రెసోకు గింజ ఒకటి రెండు వారాలు సేదతీరితే మంచిది. నీళ్ళ సంగతి చాలామంది అడగరు గానీ హైదరాబాద్‌లో తప్పక అడగాలి. బోరు నీళ్ళలోని సున్నం యంత్రాన్నీ రుచినీ పాడుచేస్తుంది. ఖనిజాలన్నీ వడకట్టేసిన నీళ్ళతో కాఫీ చప్పగా తయారవుతుంది. మధ్యస్థంగా ఖనిజాలు మిగిల్చే ఏర్పాటు చేసుకున్న కేఫ్ అంటే, కనపడని చోట డబ్బు పెట్టిన కేఫ్.

విశాఖలో ఒక చిన్న కేఫ్‌లో అరకు గింజల ఎస్ప్రెసో తాగుతూ పులుపు గురించి అడిగాను. ఆ కుర్రాడిది పాడేరు వైపు పల్లె.

"కాఫీ పండు తిన్నారా సార్ ఎప్పుడైనా?" అన్నాడు.

లేదన్నాను.

"ఎర్రగా పండినవి చిన్నప్పుడు నోట్లో వేసుకుని చప్పరించేవాళ్ళం. తియ్యగా ఉంటాయి. లోపలి గింజ ఉమ్మేసేవాళ్ళం. మీరు తాగుతున్నది ఆ గింజే. పండుకు పులుపు ఉండదా సార్?"

అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి ఆదివాసీ రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన పెంచే గింజ 2017లో పారిస్‌లో సొంత పేరుతో షాపు తెరిచేంత దూరం వెళ్ళింది. ఈ సంగతులన్నీ నేను చదివి ఉన్నవాణ్ణే. అయినా ఎస్ప్రెసోలో పులుపు తగిలినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ కుర్రాడు వేసిన ప్రశ్నే. దానికి ముందు నా పుస్తకంలో ‘పులుపు’ అన్న మాట ఒక ఫిర్యాదులా ఉండేది.

ఆరోగ్యం గురించి కొద్దిగా. ఒక డబుల్ ఎస్ప్రెసోలో ఇంచుమించు 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోబస్టా కలిస్తే ఇంకా ఎక్కువ. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకు రోజుకు 400, గర్భిణులకు 200 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఇంట్లో తాగిన కాఫీ, టీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కాబట్టి ఒక పూటకు రెండు కేఫ్‌లు, మహా అయితే మూడు. ప్రతి చోటా సగం కప్పు తాగి వదిలేయండి. రుచి చూడడానికి నాలుగు గుక్కలు చాలు. తాగిన కెఫీన్‌లో సగం శరీరంలోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్ళు మధ్యాహ్నం దాటాక ఈ సాధన పెట్టుకోవద్దు. గుండెదడ, కడుపులో మంట ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. ఇదే సాధన మామిడిపళ్ళతోనూ చేయవచ్చు. బంగినపల్లి, చిన్నరసం, సువర్ణరేఖ ముందు పెట్టుకుంటే నాలుకకు అంతే పని దొరుకుతుంది.

వచ్చే ఆదివారం ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని బయల్దేరండి. మీకు దగ్గర్లో ఉన్న రెండు చిన్న కేఫ్‌లు చాలు. ఇద్దరికీ చెరొక కాగితం, చెరొక పెన్ను. ఎవరూ మాట్లాడకుండా రెండో గుక్క తాగాక రాయండి, మూడో గుక్క తర్వాత ఇంకో వాక్యం కలపండి. ఇద్దరూ రాయడం పూర్తయ్యాకే కాగితాలు మార్చుకుని చదవండి.